ఒక్క ‘ఎస్’, ఐదు అర్థాలు: పాత సైనిక రైఫిళ్ల మీది ముద్రలు చదవడమెలా

పాత సైనిక రైఫిల్ మీద ‘ఎస్’ అనే అక్షరం కనబడిందనుకుందాం. ఆస్ట్రియా-హంగరీ వారి మాన్‌లిఖర్ ఎం95 చాంబర్ (తూటా కూర్చునే అర) మీద పెద్దగా కొట్టి ఉంటే, 1930లలో ఆ తుపాకీని పాత 8×50 మి.మీ. తూటా నుంచి 8×56 మి.మీ. తూటాకు మార్చారని అర్థం. జర్మన్ గెవేర్ 88 మీద ఉంటే, కొత్తగా వచ్చిన ‘ఎస్’ తూటా పట్టేలా చాంబర్‌ను సవరించారని. జర్మన్ కె98కె రిసీవర్ (గొట్టానికి వెనుక, తుపాకీ యంత్రాంగం ఉండే ఇనుప భాగం) మీద ‘ఎస్/42’ అని ఉంటే అది ఓబర్న్‌డోర్ఫ్‌లోని మౌజర్ కర్మాగారానికి పెట్టిన మారుపేరు. బ్రిటిష్ నంబర్ 4 రైఫిల్ మీద చిన్న చదరంలో ఉంటే, దాన్ని చేసింది అమెరికాలోని శావేజ్ కంపెనీ. ఫిన్లాండ్ నుంచి వచ్చిన మోసిన్-నగాన్ బ్యారెల్ (గొట్టం) మీద అంకెలకు ముందు ఉంటే, ఆ రైఫిల్ ఒకప్పుడు అక్కడి స్వచ్ఛంద రక్షక దళం సివిల్ గార్డ్ సొత్తు.

అక్షరం ఒకటే, అర్థాలు ఐదు. కాబట్టి ‘ఈ గుర్తుకు అర్థమేమిటి’ అని అడిగితే సరైన జవాబు దొరకదు. ‘ఈ ముద్రను ఎవరు కొట్టారు, రైఫిల్ జీవితంలో ఏ దశలో కొట్టారు’ అని అడగాలి. దానికి జవాబు ఆ అక్షరంలో ఉండదు. అది ఏ భాగం మీద ఉంది, ఎంత లోతుగా దిగింది, దాని పక్కన ఇంకేం ఉన్నాయి అన్న వాటిలో ఉంటుంది.

ఏడు చేతులు

సైన్యం వాడి, తర్వాత మిగులుగా అమ్మేసిన రైఫిల్ మీద దాదాపు ఏడు రకాల చేతులు పడతాయి. తయారుచేసిన కర్మాగారం తన పేరో, చిహ్నమో, సంవత్సరమో కొడుతుంది. తనిఖీ అధికారి ఒక్కో భాగాన్నీ పరీక్షించి తన చిన్న ముద్ర వేస్తాడు. ఎక్కువ మందుతో నింపిన తూటాను పేల్చి బ్యారెల్ తట్టుకుందని తేల్చాక ప్రూఫ్ ముద్ర పడుతుంది. సైన్యంలోకి వచ్చాక ప్రభుత్వ ఆస్తి గుర్తు, కొన్నిసార్లు రెజిమెంటు సంఖ్య చేరతాయి. మరమ్మతు డిపో తన గుర్తు పెడుతుంది. శత్రువు పట్టుకుంటే అతని గుర్తు. చివరికి సైన్యం వదిలించుకున్నప్పుడు అమ్మకపు ముద్ర, ఇంకో దేశంలోకి దిగుమతి అయినప్పుడు దిగుమతిదారు రాత.

తనిఖీ ముద్రల దగ్గరే చాలామంది తప్పటడుగు వేస్తారు. బోల్ట్ (తూటాను చాంబర్‌లోకి నెట్టి మూసే కడ్డీ), మ్యాగజైన్ (తూటాల పెట్టె), సైట్ (గురి చూసే భాగం), ట్రిగ్గర్ గార్డ్ అన్నిటి మీదా కనబడే చిన్న చిన్న కిరీటాలు, గద్దలు, అక్షరాల వెంటపడి వారాలు గడిపేస్తారు. అవి రైఫిల్ గురించి చెప్పేది చాలా తక్కువ: ఈ భాగం పరీక్షలో నెగ్గింది, అంతే. వాటికి విలువ వచ్చేది పోల్చినప్పుడు. ఒకే రైఫిల్‌లో బోల్ట్ మీద ఒక కర్మాగారపు తనిఖీ సంఖ్య, రిసీవర్ మీద మరో కర్మాగారానిది ఉంటే, ఆ బోల్ట్ తర్వాత వచ్చి చేరిందేమోనని అనుమానించాలి. జర్మన్ రైఫిళ్ల మీద గద్ద కింద ‘డబ్ల్యు-ఎ-ఎ’ అనే అక్షరాలతో ఉండే సంఖ్య ఇలాంటిదే. 63, 655, 135 ఈ మూడూ మౌజర్ ఓబర్న్‌డోర్ఫ్‌లో వేర్వేరు కాలాల్లో వాడిన సంఖ్యలు.

చదవకముందు చేయాల్సిన పని

అన్నిటికంటే ముందు బోల్ట్ తెరిచి, మ్యాగజైన్ ఖాళీ చేసి, చాంబర్‌లోకి కంటితో చూసి, చిటికెనవేలితో తడిమి, తూటా లేదని రూఢి చేసుకోవాలి. ముద్రలు చూసినంత సేపూ బోల్ట్‌ను బయటే ఉంచడం మేలు.

దీర్ఘకాలం నిల్వ ఉంచిన రైఫిళ్లకు కాస్మోలిన్ అనే గోధుమరంగు జిడ్డు పట్టి ఉంటుంది. సగం ముద్రలు దాని కిందే దాక్కుంటాయి. లోహం మీద మినరల్ స్పిరిట్‌తో తడిపిన గుడ్డ, మెత్తని నైలాన్ బ్రష్ చాలు. ఇనుప బ్రష్, గరుకు కాగితం, ఉక్కు పీచు వద్దు. అవి లోతు తక్కువ ఉన్న ముద్రల అంచులను అరగదీస్తాయి, అరిగిన అంచు మళ్లీ రాదు. చెక్క విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. సోవియట్ డిపోల్లో బాగుచేసిన రైఫిళ్ల చెక్కకు లక్క పూత వేశారు. ఆల్కహాల్ తగిలితే లక్క కరిగిపోతుంది, దాంతో పాటే డిపో చేతి పని గుర్తులూ పోతాయి.

ముద్ర సరిగ్గా కనబడకపోవడానికి కారణం చాలాసార్లు అరుగుదల కాదు, వెలుగు. గదిలో దీపాలు ఆర్పి, ఒకే టార్చిని లోహపు ఉపరితలానికి దాదాపు పడుకోబెట్టినట్టు, 10 నుంచి 20 డిగ్రీల కోణంలో పట్టుకోండి. ముద్ర గుంటల్లో నీడ పడి అక్షరం పైకి తేలుతుంది. తర్వాత టార్చిని 90 డిగ్రీలు తిప్పి మళ్లీ చూడండి, ఎందుకంటే వెలుగు దిశలోనే సాగే గీతకు నీడ పడదు. 3కీ 8కీ, 1కీ 7కీ, సి-కీ జి-కీ తేడా తెలియక తప్పు నిర్ధారణలు జరిగేది ఒక్క దిక్కు నుంచే చూసినందువల్ల. ఫోన్ ఫ్లాష్ ఎదురుగా పడి అంతా చదును చేసేస్తుంది, దాన్ని ఆపేయండి. పది రెట్ల భూతద్దం ఒకటి చేతిలో ఉండాలి. లోహం మీద మెత్తని సుద్ద రాసి పైపైన తుడిస్తే, గుంటల్లో తెలుపు నిలిచి అక్షరం స్పష్టపడుతుంది. చెక్క మీద మాత్రం సుద్ద వద్దు, రంధ్రాల్లో ఇరుక్కుని పోదు.

అసలు సమాచారం చాలాసార్లు చెక్క కిందే ఉంటుంది: బ్యారెల్ అడుగున, రిసీవర్ అడుగున, ముందు చెక్క గాడిలో, పిరుదు పలక (వెనుక చెక్క చివర బిగించే పలక) కింద. అయితే విప్పే క్రమం తెలియకుండా విప్పకూడదు. పాత లీ-ఎన్‌ఫీల్డ్ మార్క్ 3లో వెనుక చెక్కను బిగించే పొడవాటి మరమేకు చివర చదరంగా ఉండి, ముందు చెక్క వెనుక భాగంలో ఉన్న పలకలో కూర్చుంటుంది. ముందు చెక్క తీయకుండా ఆ మరమేకును తిప్పితే ముందు చెక్క చీలిపోతుంది. వందేళ్లు నిలిచిన చెక్క ఒక్క మలుపుతో పాడవుతుంది. ఎప్పుడైనా ముందు చెక్కే మొదట.

కనబడిన ప్రతి గుర్తునూ రైఫిల్ రేఖాచిత్రం గీసుకుని దాని మీద ఉన్న చోటే రాసుకోవాలి. విడి కాగితం మీద జాబితాగా రాసుకుంటే చోటు పోతుంది. చోటు పోతే సగం అర్థం పోయినట్టే.

ఎవరు చేశారు

దీనికి జవాబు సాధారణంగా రిసీవర్ పైభాగంలోనో, దాని ఎడమ గోడ మీదో, పాత లీ-ఎన్‌ఫీల్డ్‌లైతే వెనుక చెక్క మొదలయ్యే చోట ఉండే ఇనుప పట్టీ కుడివైపునో దొరుకుతుంది.

జర్మనీ ఆయుధ ఉత్పత్తిని దాచిపెట్టాలనుకుంది, అందుకే కె98కె మీద కంపెనీ పేర్లకు బదులు కోడ్‌లు వచ్చాయి. మొదట్లో ‘ఎస్/42’ మౌజర్ ఓబర్న్‌డోర్ఫ్, ‘ఎస్/147’ సావర్, ‘ఎస్/27’ ఎర్మా. సంవత్సరాన్ని కూడా దాచారు: ‘కె’ అంటే 1934, ‘జి’ అంటే 1935. 1936 నుంచి సంవత్సరం మామూలు అంకెల్లో కనబడుతుంది. తర్వాత ‘ఎస్’ పోయి వట్టి సంఖ్యలు మిగిలాయి. యుద్ధకాలంలో వాటి స్థానంలో చిన్న అక్షరాల కోడ్‌లు వచ్చాయి: ‘బి-వై-ఎఫ్’ మౌజర్ ఓబర్న్‌డోర్ఫ్, ‘ఎ-ఆర్’ మౌజర్ బోర్సిగ్‌వాల్డె, ‘సి-ఇ’ సావర్, ‘బి-సి-డి’ గుస్ట్‌లోఫ్, ‘బి-ఎన్-జెడ్’ స్టెయిర్, ‘డి-ఓ-టి’ బ్ర్నో. ‘బి-వై-ఎఫ్’ కింద 43 అని ఉంటే 1943.

రష్యన్ మోసిన్-నగాన్‌లో రెండు చిహ్నాలు ఎక్కువగా ఎదురవుతాయి. నక్షత్రం, చాలాసార్లు లోపల బాణంతో, ఉంటే తూలా కర్మాగారం. త్రికోణంలో బాణం ఉంటే ఇఝెవ్‌స్క్. సంవత్సరం తర్వాత కనబడే చిన్న రష్యన్ అక్షరం ‘సంవత్సరం’ అనే మాటకు పొడి రూపమే, దాన్ని కోడ్ అనుకోనక్కర్లేదు. ఇదే నమూనాను తర్వాత ఇతర దేశాలూ చేశాయి. గుండ్రని గీత లోపల 11 ఉంటే పోలండ్‌లోని రాడోమ్, ‘02’ ఉంటే హంగరీ. రష్యన్ అక్షరాల్లో ఒక ఉచ్చు ఉంది. రోమన్ ‘బి’లా కనబడేది ‘వ’, ‘హెచ్’లా కనబడేది ‘న’, ‘పి’లా కనబడేది ‘ర’, ‘సి’లా కనబడేది ‘స’. సీరియల్ నంబరుకు ముందున్న రెండు అక్షరాలను రోమన్ అనుకుని రాసుకుంటే నమోదులో తప్పు సంఖ్య శాశ్వతమైపోతుంది.

బ్రిటిష్ రైఫిళ్ల మీద కిరీటం కింద రాజు పేరు అక్షరాలే కాలానికి మొదటి ఆధారం. ‘వి-ఆర్’ విక్టోరియా, ‘ఇ-ఆర్’ 1901–1910 నాటి ఎడ్వర్డ్, ‘జి-ఆర్’ ఆ తర్వాతి జార్జ్. వాటి కింద కర్మాగారం, సంవత్సరం, నమూనా ఉంటాయి. ఇండియాలోని ఈషాపూర్ రైఫిళ్ల మీద స్వాతంత్ర్యానికి ముందు ‘జి-ఆర్-ఐ’ కనబడుతుంది, ఆ తర్వాత అశోకుడి సింహాలు. నంబర్ 4 రైఫిల్ యుద్ధకాలంలో వచ్చింది కాబట్టి దాని మీదా మారుపేర్లే: ‘ఎం-47-సి’ బర్మింగ్‌హామ్ దగ్గరి షర్లీలోని బీఎస్‌ఏ, ‘ఎఫ్’ లేదా ‘ఎఫ్-వై’ ఫజాకర్లీ, ‘ఎల్-బి’ కెనడాలోని లాంగ్ బ్రాంచ్.

జపాన్ అరిసాకా మీద పదహారు రేకుల చామంతి పువ్వు కర్మాగారపు గుర్తు కాదు, చక్రవర్తి చిహ్నం. 1945లో లొంగిపోయాక అప్పగించిన రైఫిళ్ల మీద దాన్ని అరగదీశారు. అందుకే చాలా వాటి మీద పువ్వు స్థానంలో గీతలు పడిన మచ్చ మాత్రమే ఉంటుంది. కర్మాగారపు గుర్తు ఎడమవైపు సీరియల్ చివర ఉంటుంది, సీరియల్ ముందు చిన్న వృత్తంలో ఉండే జపాన్ అక్షరం వరస సంఖ్యను చెబుతుంది. ఒక హెచ్చరిక: పాఠశాలల్లో కవాతుకు వాడిన శిక్షణ అరిసాకాలు పైకి అసలు వాటిలాగే ఉంటాయి. కానీ వాటి రిసీవర్ మెత్తని పోత ఇనుము, బ్యారెల్ లోపల గాళ్లు ఉండవు. వాటిలో అసలు తూటా పేలిస్తే పగిలిపోతాయి.

తప్పుదారి పట్టించే తేదీలు

‘మీద సంవత్సరం ఉంది కదా, ఇంకేం కావాలి’ అనుకునేవారిని ఎక్కువగా బోల్తా కొట్టించేది ఈ తేదీలే. యుగోస్లావియా మౌజర్ల రిసీవర్ మీద దివిటీలున్న రాజ్యచిహ్నంలో 29-11-1943 అని ఉంటుంది, నెల రోమన్ అంకెల్లో. అది తయారైన తేదీ అనుకుంటారు. నిజానికి అది యాయిత్సె పట్టణంలో యుగోస్లావ్ ప్రతిఘటన సభ రెండోసారి సమావేశమైన రోజు, కొత్త రాజ్యం తన పుట్టిన రోజుగా చిహ్నంలో పెట్టుకున్న తేదీ. 1950లలో చేసిన రైఫిల్ మీదా అదే ఉంటుంది.

జర్మన్ గెవేర్ 98 మీద 1917 పక్కన 1920 కూడా ఉంటే, మొదటిది తయారీ, రెండోది మొదటి ప్రపంచ యుద్ధం తర్వాతి వైమార్ రిపబ్లిక్ కాలంలో ప్రభుత్వ ఆస్తిగా లెక్కలోకి తెచ్చుకున్న ముద్ర. ఫిన్లాండ్ మోసిన్‌లలో బ్యారెల్ మీద 1942 ఉండి, చెక్క తీస్తే రిసీవర్ తోక అడుగున 1890ల నాటి సంవత్సరం బయటపడవచ్చు. ఫిన్లాండ్ వాళ్లు పాత రష్యన్ రిసీవర్లకు కొత్త బ్యారెళ్లు బిగించారు. అమెరికా స్ప్రింగ్‌ఫీల్డ్ 1903లో ముందు సైట్ వెనుక బ్యారెల్ మీద ఉండే నెల, సంవత్సరం బ్యారెల్‌వి మాత్రమే. బ్యారెల్ మారితే తేదీ మారుతుంది, రిసీవర్ వయసు మారదు. ఎం1 గారండ్ రిసీవర్ మీద తేదీయే ఉండదు, సీరియల్ నంబరును బట్టి లెక్కకట్టాలి. దాని రిసీవర్ మీద ‘డి-28287’ అని ఉండే అంకెలను సీరియల్‌గా నమోదు చేసుకున్నవారు చాలామంది. అది ఆ భాగపు ఇంజనీరింగ్ చిత్రపటం సంఖ్య, వేల రిసీవర్ల మీద అదే ఉంటుంది.

ఇక క్యాలెండర్లు. బ్ర్నోలో ఇరాన్ కోసం చేసిన మౌజర్ల మీద 1309, 1317 వంటి సంవత్సరాలు పర్షియన్ అంకెల్లో ఉంటాయి. సౌర హిజ్రీ సంవత్సరానికి 621 కలిపితే మన సంవత్సరం వస్తుంది, కాబట్టి 1317 అంటే 1938. అరబిక్ అంకెల్లో ఐదు మనం రాసే సున్నాలా గుండ్రంగా ఉంటుంది, సున్నా మాత్రం చుక్కగా ఉంటుంది. ఆరు మన 7ను పోలి ఉంటుంది. సంఖ్య మాత్రం ఎడమ నుంచి కుడికే చదవాలి. తుర్కియే 1926లో గ్రెగోరియన్ క్యాలెండర్‌కు, 1928లో లాటిన్ లిపికి మారింది, కాబట్టి లాటిన్ అక్షరాల్లో ‘అంకారా’ అని ఉన్న ముద్ర 1928కి ముందుది కాజాలదు. సియాం (ఇప్పటి థాయిలాండ్)లో 46వ రకం అనే పేరు బౌద్ధ శకం 2446 నుంచి వచ్చింది, 543 తీసేస్తే 1903. జపాన్ 99వ రకం వారి శకం 2599, 660 తీసేస్తే 1939. ఇటలీ కార్కానోల మీద మామూలు సంవత్సరం పక్కన రోమన్ అంకె ఉంటే, అది 1922 అక్టోబర్ 28 నుంచి లెక్కించిన ఫాసిస్టు సంవత్సరం. పదహారు అని ఉంటే 1937 అక్టోబర్ నుంచి 1938 అక్టోబర్ దాకా.

ప్రాణాల మీదికి తెచ్చే అక్షరాలు

మిగతా ముద్రలు తప్పు చదివితే చరిత్ర తప్పుతుంది. చాంబర్ చుట్టూ ఉన్న వాటిని తప్పు చదివితే చేయి పోతుంది, కన్ను పోతుంది.

మొదట చెప్పిన గెవేర్ 88 సంగతే చూడండి. పాత జర్మన్ గుండు వ్యాసం సుమారు 8.1 మి.మీ., ఆ తర్వాత వచ్చిన ‘ఎస్’ గుండుది 8.2. ‘ఎస్’ ముద్ర ఉంటే చాంబర్ సవరించారని తెలుస్తుంది గానీ, బోరు (బ్యారెల్ లోపలి రంధ్రం) కొత్త కొలతకు పెరిగిందని దాని భావం కాదు. ఇరుకు బోరులోంచి లావు గుండును తోస్తే ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. ఫ్రెంచ్ లెబెల్ మీద ‘ఎన్’ ఉంటే 1932 నాటి బరువైన ‘ఎన్’ గుండు తూటాకు చాంబర్ మార్చారని. ఫిన్లాండ్ బ్యారెల్ మీద ‘డి’ ఉంటే డి-166 గుండుకు సరిపోయేదని. హంగరీ మార్చిన ఎం95 మీద ‘ఎస్’కు బదులు ‘హెచ్’ ఉంటుంది. ఇజ్రాయెల్ వాడిన మౌజర్ల మీద 7.62 అని పెద్దగా కొట్టడమే కాక చెక్క మీద కూడా కాల్చి రాశారు, ఎందుకంటే అవి 7.92 నుంచి నాటో తూటాకు మార్చినవి.

ఈషాపూర్ 2ఎ, 2ఎ1 రైఫిళ్లను మరీ జాగ్రత్తగా చూడాలి. దూరం నుంచి పాత .303 లీ-ఎన్‌ఫీల్డ్‌కూ వీటికీ తేడా తెలియదు. ఇవి 7.62 మి.మీ. నాటో తూటా కోసం చేసినవి. ఇనుప పట్టీ మీద ‘ఆర్-ఎఫ్-ఐ’, 1960లు లేదా 1970ల సంవత్సరం, 2ఎ లేదా 2ఎ1 అని ఉంటుంది. మ్యాగజైన్ దీర్ఘచతురస్రంగా ఉంటుంది. 2ఎ వెనుక సైట్ మీద 2000 దాకా అంకెలు, 2ఎ1 మీద 800 దాకా.

బ్రిటిష్ రైఫిల్ మీద ‘డి-పి’ కనబడితే అది కవాతుకు మాత్రమే. అరిగిపోయిందనో, లోపముందనో సైన్యం పక్కన పెట్టిన తుపాకీ, ఒక్కోసారి కావాలనే పనికిరాకుండా చేసినది. ఆ రెండక్షరాలు రిసీవర్ మీద అరిగి, చెక్క మీద మాత్రమే మిగిలిన రైఫిళ్లూ ఉంటాయి. ‘ఇ-వై’ అంటే అత్యవసరంలో మాత్రమే గుండు పేల్చాలని.

ముద్ర కాదు, సంఖ్యే హెచ్చరికగా మారిన ఉదాహరణ స్ప్రింగ్‌ఫీల్డ్ 1903. ఆ ఆయుధశాలలో 800,000 లోపు, రాక్ ఐలండ్‌లో 285,507 లోపు సీరియల్ ఉన్న రిసీవర్లను పాత పద్ధతిలో కాల్చి గట్టిపరిచారు. కొలిమి వేడిని పనివాళ్లు రంగు చూసి, కంటి అంచనాతో నిర్ణయించేవారు. కొన్ని ఎక్కువ కాలి పెళుసయ్యాయి. 1918లో పద్ధతి మార్చారు. పైన చెప్పిన తేదీల గొడవ ఇక్కడే ప్రాణాంతకమవుతుంది. బ్యారెల్ మీద 1934 చూసి ధైర్యపడితే, దాని కింద పాత పెళుసు రిసీవర్ ఉండవచ్చు. చూడాల్సింది సీరియల్‌నే.

ఏ అక్షరం ఏం చెప్పినా తూటా కొలత మీద అనుమానం ఉంటే చాంబర్ అచ్చు తీయించాలి. సుమారు 70 నుంచి 88 డిగ్రీల సెల్సియస్ మధ్య కరిగే బిస్మత్ మిశ్రలోహాన్ని చాంబర్‌లో పోస్తారు. అది చల్లబడగానే కాస్త కుంచించుకుని సులువుగా బయటికొస్తుంది. తర్వాత మెల్లగా వ్యాకోచించి, దాదాపు గంటకు అసలు చాంబర్ కొలతకు చేరుకుంటుంది. కొలత తీయాల్సింది అప్పుడే. ఐదు నిమిషాలకే కాలిపర్ పెడితే చాంబర్ ఉన్నదానికంటే చిన్నదిగా తేలుతుంది. బోరు కోసం మెత్తని సీసం ముక్కను లోపల దూర్చి తోసి, దాని వ్యాసం కొలవాలి.

ఎవరి సొత్తు

బ్రిటన్ వెడల్పు బాణం గుర్తు సులువు. దాని చుట్టూ ‘సి’ ఉంటే కెనడా, ‘యు’ ఉంటే దక్షిణాఫ్రికా, రెండు ‘డి’ల మధ్య ఉంటే ఆస్ట్రేలియా, ‘ఎన్’ ‘జెడ్’ల మధ్య ఉంటే న్యూజిలాండ్, కింద ‘ఐ’ ఉంటే ఇండియా. రెండు బాణాలు మొనకు మొన ఆనించి ఉంటే, సైన్యం దాన్ని అమ్మేసిందని. ఫిన్లాండ్ సైన్యం గుర్తు చదరపు గీతల్లో ‘ఎస్-ఎ’. ఇది మోసిన్‌ల మీదే కాదు, ఇటలీ నుంచి కొన్న దాదాపు 94,500 కార్కానోల్లో చాలా వాటి మీదా ఉంటుంది, కాబట్టి ఇటలీ రైఫిల్ మీద అది కనబడితే నకిలీ అనుకోవద్దు. సివిల్ గార్డ్‌ను 1944లో రద్దు చేశాక వారి ‘ఎస్’ సంఖ్యలను సైన్యం కొట్టేసిన బ్యారెళ్లు కూడా దొరుకుతాయి. స్విట్జర్లాండ్ కె31 మీద ‘పి’ ఉంటే, సైనికుడు సేవ ముగించాక ఆ రైఫిల్ అతని సొంతమైందని.

జర్మన్ గెవేర్ 98ల మీద ‘85.ఆర్.4.96’ లాంటి వరస ఉంటే, 85వ రెజిమెంటు, 4వ కంపెనీ, 96వ ఆయుధం. ఇలాంటివి దొరకడం అదృష్టమే. కొత్త రెజిమెంటు వచ్చినప్పుడు పాత దాన్ని గీత పెట్టి కొట్టేసి పక్కన కొత్తది రాసేవారు, రెండూ రాసుకోండి.

బాగుచేతలు, పట్టుబడ్డవి, కలవని నంబర్లు

‘నంబర్లన్నీ కలిశాయి కాబట్టి ఇది కర్మాగారం నుంచి వచ్చినట్టే ఉంది’ అనే నమ్మకం చాలాసార్లు వమ్ము అవుతుంది. సోవియట్ డిపోలు వేల రైఫిళ్లను విప్పి, భాగాలు కలగలిపి, మళ్లీ అమర్చాయి. కొత్తగా వచ్చిన బోల్ట్ మీద పాత సంఖ్యను గీతతో కొట్టేసి రిసీవర్ సంఖ్యను మళ్లీ కొట్టారు. కొన్నిటి మీద విద్యుత్ కలంతో చేతిరాతగా గీశారు. డిపో గుర్తుగా చదరం లోపల అడ్డంగా ఒక వాలు గీత కనబడుతుంది. అంటే నంబర్లు కలవడం ముఖ్యం కాదు, ఏ చేతితో కలిశాయన్నది ముఖ్యం. అంకెల ఎత్తు, ఒంపు రిసీవర్ మీదివాటితో సరిగ్గా సరిపోతున్నాయో లేదో భూతద్దంలో పోల్చండి.

కె98కె సీరియల్‌లో ఇంకో మెలిక ఉంది. ఏటా ఒకటి నుంచి మొదలై, పదివేల చొప్పున ఒక వరస అయ్యాక పక్కన ‘ఎ’, తర్వాత ‘బి’ ఇలా అక్షరం చేరుతుంది. కాబట్టి 4721 అనే అంకెలు ఒక్క కర్మాగారంలోనే ఒకే ఏడాది పదిసార్లకు పైగా రావచ్చు. అక్షరం, సంవత్సరం, కోడ్ కలిపితేనే అది ఒక రైఫిల్‌కు పేరవుతుంది. చిన్న భాగాల మీద చివరి రెండంకెలే ఉంటాయి.

సోవియట్ వాళ్లు పట్టుకున్న జర్మన్ రైఫిళ్ల రిసీవర్ మీద ‘ఎక్స్’ గుర్తు కనబడుతుంది. యుగోస్లావియాకు చేరినవాటిలో జర్మన్ కోడ్‌ను పూర్తిగా చెక్కేసి, దాని స్థానంలో రాజ్యచిహ్నం, పక్కన ‘ప్రెదుజేచె 44’ (సంస్థ 44) అని రష్యన్‌ను పోలిన లిపిలో కొట్టారు. నార్వేలో మిగిలిన వాటి మీద సైన్యం, నౌకాదళం, వైమానిక దళాల పేర్లు పడ్డాయి, కొన్నిటిని అమెరికన్ .30-06 తూటాకు మార్చారు.

అమెరికాలో 1968 చట్టం తర్వాత దిగుమతి చేసుకునేవారు తమ పేరు, ఊరు రైఫిల్ మీద వేయాల్సి వచ్చింది. అందుకే సన్నని ఆధునిక అక్షరాల్లో ఒక వరస బ్యారెల్ మీద కనబడితే, అది చివరి సరిహద్దు దాటిన గుర్తు. సైనిక చరిత్రకూ దానికీ సంబంధం లేదు.

నకిలీ ముద్రలు

అరుదైన గుర్తులకు ధర ఎక్కువ పలుకుతుంది, కాబట్టి నాజీల ఎస్‌ఎస్ దళం చిహ్నాలు, నంబర్ 4 స్నైపర్ ‘టి’ లాంటివి తర్వాత కొట్టినవి బజారులో చాలానే ఉన్నాయి. ఉక్కు పంచ్ దిగినప్పుడు లోహం పక్కకు జరిగి గుంట చుట్టూ సన్నని గట్టు లేస్తుంది. కర్మాగారంలో ముద్ర వేశాక నలుపు రంగు పట్టించి ఉంటే, గుంట అడుగున కూడా చుట్టూ ఉన్న రంగే ఉంటుంది. తర్వాత కొట్టినదైతే లోపల తెల్లని లోహం మెరుస్తుంది, లేదా రంగు తేడాగా ఉంటుంది. అయితే అసలు డిపో ముద్రలు కూడా కొన్ని రంగు మీదే పడ్డాయి, అందుకే ఈ ఒక్క పరీక్షతో తీర్పు ఇవ్వకూడదు. చుట్టుపక్కల గీతలు, అరుగుదల ముద్ర మీదుగా కూడా సాగుతున్నాయా, లేక ముద్రే పాత గీతలను తొక్కేసిందా అని చూడండి. పాత గీతలు ముద్ర అంచు దగ్గర తెగిపోతే ముద్రే కొత్తది. స్నైపర్‌కైతే ‘టి’ ఒక్కటే చాలదు. టెలిస్కోప్ బిగించే దిమ్మెలు, వెనుక చెక్క మీద ‘ఎస్-51’ (మళ్లీ ఇంకో ఎస్, హాలండ్ అండ్ హాలండ్ సంస్థ కోడ్), ఇనుప పట్టీ మీద ‘టి-ఆర్’ ఇవన్నీ ఒకదానికొకటి తోడు రావాలి.

అరిగిన సీరియల్‌ను పదును పెట్టడం, మళ్లీ కొట్టడం, కలవని దాన్ని కలిసేలా సరిదిద్దడం చాలా దేశాల్లో నేరం. అరిగింది అరిగినట్టే ఉండనివ్వాలి.

ఒక రైఫిల్‌ను చదివి చూద్దాం

నంబర్ 4 మార్క్ 1 స్టార్ ఒకటి తీసుకుందాం. రిసీవర్ ఎడమవైపు ‘యు.ఎస్. ప్రాపర్టీ’, ఇనుప పట్టీ మీద సీరియల్ మధ్యలో ‘సి’ అక్షరం, బోల్ట్ మీద చదరంలో ‘ఎస్’, పక్కన ‘ఎఫ్-టి-ఆర్’, బ్యారెల్ మీద ‘బి-ఎన్-పి’ కిరీటంతో, ‘2.222’, ‘18.5 టన్స్’, ఇంకోచోట ‘ఇంగ్లండ్’.

మొదటి ముద్ర చూసి అమెరికా సైన్యం వాడిందనుకుంటారు. వాళ్లు దాన్ని వాడలేదు. 1941లో వచ్చిన లెండ్-లీజ్ చట్టం కింద బ్రిటన్‌కు ఇచ్చే ఆయుధాలు కాగితం మీద అమెరికా ఆస్తే, అందుకే ఆ మాట. సీరియల్‌లోని ‘సి’ శావేజ్ కర్మాగారం ఉన్న చికోపీ ఫాల్స్ ఊరి పేరులోది. బోల్ట్ మీది ‘ఎస్’ కూడా శావేజే, కాబట్టి బోల్ట్ రిసీవర్ ఒకే ఇంటివి, అయితే బోల్ట్ పిడి మీది నంబరు అంకెల తీరు పట్టీ మీదివాటితో కలుస్తుందో లేదో ఇంకా చూడాలి. ‘ఎఫ్-టి-ఆర్’ అంటే యుద్ధం తర్వాత కర్మాగారంలో పూర్తిగా విప్పి బాగుచేశారని, కాబట్టి ముందు చెక్క, బ్యారెల్ అసలువి కాకపోవచ్చు. ‘బి-ఎన్-పి’ బర్మింగ్‌హామ్ ప్రూఫ్ సంస్థది. ‘2.222’ సీరియల్ కాదు, వెర్షన్ సంఖ్య కాదు, .303 తూటా గొట్టం పొడవు అంగుళాల్లో. ‘18.5 టన్స్’ చదరపు అంగుళానికి ఒత్తిడి. సైన్యంలో ఉన్నంతకాలం సైనిక ప్రూఫ్ చాలు, పౌరులకు అమ్మాలంటేనే ఈ ముద్ర కావాలి. ‘ఇంగ్లండ్’ అమెరికాకు వ్యాపార సరుకుగా వెళ్లేటప్పుడు మూలదేశం చెప్పడానికి కొట్టినది, చేసిన దేశం కాకపోయినా.

ఇవన్నీ వరసలో పెడితే ఈ రైఫిల్ అమెరికాలో పుట్టి, బ్రిటన్‌కు అప్పుగా వెళ్లి, అక్కడ వాడకంలో అరిగి, యుద్ధం ముగిశాక బాగుపడి, సైన్యం వదిలేశాక బర్మింగ్‌హామ్‌లో పరీక్షకు నిలిచి, తిరిగి పుట్టిన దేశానికే సరుకుగా చేరింది. ఇక మిగిలింది ముందు చెక్క తీసి, బ్యారెల్ అడుగున ఉన్న కర్మాగారపు గుర్తు కూడా శావేజ్‌దేనా, బాగుచేసినప్పుడు మార్చినదా అని చూడటం.